పాస్టరును మంగళవారం చూడాలి

నాయనా,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు ఫోన్ చేసిన రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నాకు కుడిచెవి బొత్తిగా వినిపించడం లేదు, నువ్వేమో టెన్షన్‌లో గబగబా మాట్లాడేశావు. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. మీ పాస్టరు గారు మే నెలలో రిటైరవుతున్నారు. నువ్వు సంఘ సెక్రటరీవి కాబట్టి కొత్త పాస్టరును చూసే బాధ్యత నీ మీద పడింది. ముగ్గురి పేర్లు వచ్చాయి, అందులో ఒకాయన మన కోడలి తమ్ముడు, అంటే నీ బావమరిది. ఈస్టర్ లోపు తేల్చేయమని కమిటీలో సగంమంది నీ వెంట పడుతున్నారు.

మా సంఘంలో ముగ్గురు పాస్టర్లను పిలిచిన కమిటీల్లో నేను కూర్చున్నాను. ఇద్దరి విషయంలో దేవుడు మామీద దయ చూపించాడు. మొదటాయన విషయంలో మాత్రం ఘోరంగా పొరబడ్డాం. ముందు అదే చెబుతాను.

ముప్పై ఏళ్ల కిందటి మాట. ట్రయల్ ప్రసంగానికి పిలిచాం. ఆయన గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. యాభై నిమిషాలు జనాన్ని ఏడిపించాడు, నన్ను కూడా. ఆరాధన కాగానే బయట వేపచెట్టు కింద టీ గ్లాసులు చేతిలో ఉండగానే నిర్ణయం అయిపోయింది. పేరుకు మీటింగ్ పెట్టి చేతులెత్తించాం, ఇరవై నిమిషాల్లో ముగిసింది. అంతకుముందు సంఘాన్ని ఎందుకు వదిలారని ఒక్కరం కూడా అడగలేదు. దైవజనుణ్ణి అలా అడగొచ్చా అని భయం. రెండేళ్లు తిరక్కుండా కానుకల లెక్క దగ్గర గొడవ మొదలైంది. ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చి గేటుకు రెండు తాళాలు వేలాడాయి, ఒకటి వాళ్లది, ఒకటి మాది. మీ పెద్దమ్మ ఇంట్లోనే కూర్చుని క్రిస్మస్ పాటలు పాడుకుంది. తప్పంతా ఆయనదేనని చాలా ఏళ్లు చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు అలా అనను. మేం ప్రసంగాన్ని పిలిచాం, దాని వెనకాల ఒక మనిషి కూడా వస్తాడని మరిచిపోయాం.

సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకయితే బిషప్పు గారు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వేస్తారు, అయ్యగారు సామాను సర్దుకుని వస్తారు. అక్కడి బాధలు అక్కడున్నాయి, మనకెందుకు. మన బాప్టిస్టుల్లో సంఘమే పిలవాలి. ఎవర్ని తెచ్చుకున్నా రేపు పైవాళ్ల మీదకి నెట్టడానికి ఉండదు.

తొందర గురించి ఒక మాట. మన ఒంగోలు మిషన్ కథ నీకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మన పిల్లలంతా గొప్పగా చెప్పుకుంటారు. దానికి ముందు సంగతి ఎవరూ చెప్పరు. అది పెద్ద కరువుకాలం. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇప్పించారు. కూడు కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఆపేశారు. జనం అడుగుతూనే ఉన్నా ఆపారు. ఇంకొకటి, ఆ రోజు ఏట్లోకి దిగి బాప్తిస్మాలిచ్చింది దొరగారు కాదు, మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున. అంతమంది బాప్తిస్మానికే అంతకాలం ఆగగలిగారు, ఒక్క పాస్టరు కోసం మీరు ఆర్నెల్లు ఆగలేరా? ఈస్టర్‌కు ఎవరో ఒక పెద్దాయన్ని పిలిపించుకుని ఆరాధన జరిపించుకోండి. "త్వరపడి యెవనిమీదనైనను హస్తనిక్షేపణము చేయకుము" అని పౌలు తిమోతికి ఊరికే రాయలేదు. హస్తనిక్షేపణం అంటే చేతులుంచి సేవకు నియమించడమే కదా.

ఇక అసలు పని. ముగ్గురి ఊళ్లకూ వెళ్లండి. ఆదివారం వద్దు. ఆదివారం ప్రతి పాస్టరూ ఇస్త్రీ చొక్కాలోనే ఉంటాడు. మంగళవారమో, బుధవారమో వెళ్లండి, ముందుగా కబురు పెట్టకుండా, ఇద్దరే.

మేం మూడోసారి అదే చేశాం. నేనూ, మా ట్రెజరరూ బస్సెక్కి పొద్దున పదింటికి ఆ ఊరు దిగాం. పాస్టరు గారు ఇంట్లో లేరు. పంచాయతీ ఆఫీసు దగ్గర ఉన్నారన్నారు. ఆ మంగళవారం ఒకటో తారీఖు, పింఛన్ల రోజు. వెళ్లి చూస్తే వరండాలో ఒక ముసలమ్మ. జీవితమంతా మిరప కోతలు, కలుపు తీతలు చేసిన చేతులు, వేలిముద్ర అరిగిపోయింది, మిషను తీసుకోవడం లేదు. ఈయన పక్కన గొంతుక్కూర్చుని తన కర్చీఫ్ తడిపి ఆమె బొటనవేలు తుడుస్తున్నాడు. మిషను మీద పెట్టించడం, అది 'కుయ్' మనడం, మళ్లీ తుడవడం. నాలుగోసారో ఐదోసారో పడింది. ఆమె డబ్బులు లెక్కపెట్టుకుని ఈయన వైపు కూడా చూడకుండా వెళ్లిపోయింది. ఆమెది మన సంఘం కాదు, బొట్టు పెట్టుకున్న మనిషి. మా ట్రెజరరు నా చెవిలో "ఇంక ప్రసంగం వినాలా?" అన్నాడు. వినాలి అన్నాను. వాక్యం చెప్పడం రాని మంచివాడితో కూడా సంఘం ఎండిపోతుంది.

తర్వాత ఆయన సరుకులు తెచ్చుకునే అంగడికి వెళ్లాం. సెట్టిగారిని అడిగితే ఖాతా పుస్తకం తీసి చూపించాడు. నెలనెలా కట్టేసినట్టు గీతలు కొట్టి ఉన్నాయి. ఒక్క నెల ఆలస్యమైతే ముందే వచ్చి చెప్పాడట, జీతం రాలేదని. "సంఘమునకు వెలుపటివారిచేత మంచి సాక్ష్యము" అని ఒకటో తిమోతి మూడో అధ్యాయంలో ఉంది చూడు, మాకు అది ఆ ఖాతా పుస్తకంలో దొరికింది. అదే అధ్యాయం ఇంకోసారి చదువు. పౌలు రాసిన లక్షణాల్లో విద్య అనదగ్గది దాదాపు ఒక్కటే, "బోధింపతగినవాడు". మిగతావన్నీ ఇంట్లో, వీధిలో, డబ్బు దగ్గర మనిషి ఎలా ఉంటాడన్నవే. మన కమిటీలు మాత్రం ఆ ఒక్కదానికే మార్కులు వేస్తాయి.

ప్రసంగం విషయంలో కూడా ఒక చిట్కా చెబుతాను. ఆయనకు బాగా అలవాటైన ప్రసంగం చెప్పించకండి. పదిచోట్ల చెప్పి నునుపు చేసిన ప్రసంగం ప్రతివాళ్ల దగ్గరా ఒకటుంటుంది. బుధవారం ఫోన్ చేసి ఏదో ఒక భాగం మీరే ఇవ్వండి. యిర్మీయాలోనో, యాకోబు పత్రికలోనో. ఇంకోటి, పదిహేనుమంది కూర్చునే ఇంటి ప్రార్థనలో కూడా ఆయన్ని వినండి.

కూర్చోబెట్టి అడిగేటప్పుడు "మీ దర్శనం (విజన్) ఏమిటి" లాంటివి వద్దు. దానికి జవాబులు అందరూ బట్టీపట్టి వస్తారు. ఇంతకుముందు సంఘంలో ఎవరితో మాట పట్టింపు వచ్చిందో, ఎలా సర్దుకున్నారో అడుగు. ఎవరితోనూ రాలేదంటే నమ్మకు. కానుకల పెట్టె ఎవరు తెరిచేవారు, ఎంతమంది లెక్కపెట్టేవారు అని అడుగు. ఆయన చెప్పిందంతా విని, ఆయన ఇవ్వని రెండు ఫోన్ నంబర్లు సంపాదించి పాత సంఘంలో వాళ్లతో మాట్లాడు. సర్టిఫికెట్లు చూడటానికి మొహమాటపడకు. రామాపట్నం సెమినరీలోనో, హైదరాబాదు ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీలోనో చదివితే కాగితం ఉంటుంది. పేరు ముందు 'డాక్టర్' ఉంటే ఎక్కడిదని మర్యాదగానే అడుగు. ఈమధ్య ఆ బిరుదు శాలువా కప్పినంత తేలిగ్గా ఇచ్చేస్తున్నారు.

పిలుపు సంగతి కూడా అడగాలి. కలలో వెలుగు కనబడిందా అని కాదు. ఆయనలో పిలుపు ఉందని ఆయనకన్నా ముందు ఎవరు గుర్తుపట్టారు, వాళ్లు ఇప్పుడు ఆయన గురించి ఏమంటున్నారు, అదీ నాకు ముఖ్యం. అంతియొకయలో సౌలుకు, అదే పౌలుకు, పిలుపు ముందే ఉంది, అయినా సంఘం ఉపవాసముండి, చేతులుంచి పంపింది.

ఇప్పుడు నీకు కష్టమైన మాట. మీ బావమరిది పేరు పరిశీలనలో ఉన్నంతకాలం నువ్వు ఆ కమిటీలో కూర్చోకు. సెక్రటరీ పని వైస్ ప్రెసిడెంటుకు రాతపూర్వకంగా అప్పగించు. అతను మంచివాడే, నాకూ ఇష్టమే. అయినా సరే. నువ్వు కూర్చుని అతన్ని గెలిపిస్తే రేపటి నుంచి అతను సంఘానికి పాస్టరు కాదు, నీ బావమరిది. నువ్వు కూర్చుని అతన్ని ఓడిస్తే ఇంట్లో అన్నం దిగదు.

దాని వెనకే ఇంకోటి వస్తుంది. "మనవాడు" అనే మాట. మీ కమిటీలో ఈపాటికే వినబడి ఉంటుంది. మాల అనీ, మాదిగ అనీ ఎవరూ పైకి అనరు, "మనవాడైతే బాగుంటుంది" అంటారు. ఆ మాట అన్నచోటే ఆపు, నవ్వుతూనైనా ఆపు. మన మిషన్‌కు తొలినాటి బోధకుడు తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య గారు లేకపోతే ఒంగోలు చుట్టూ ఇన్ని సంఘాలు ఎక్కడివి? ఆయన మాదిగపల్లె నుంచి వచ్చినవాడు. 1912లో దోర్నకల్‌కు మొదటి బిషప్పు అయిన అజరయ్య గారు తిరునెల్వేలి వైపు తమిళుడు. ఇక్కడికొచ్చాక తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు పల్లెల్లోనే తిరిగి తిరిగి ఇక్కడే మట్టిలో కలిశాడు. ఎవరివాడని అడగాలి ఆయన్ని?

కమిటీలో ఎవరుండాలన్నదానికి అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడు. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని సణుగు పుట్టింది. సంఘం ఏడుగురిని ఏర్పరచుకుంది. ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఎటునుంచి వచ్చిందో అటువాళ్ల చేతికే పని ఇచ్చారన్నమాట. మీ దగ్గర సణిగేది ఎవరు? స్త్రీల సమాజం వాళ్లు, వెనక బెంచీ కుర్రాళ్లు, కాలనీ నుంచి నడిచొచ్చేవాళ్లు. వాళ్లలో ముగ్గురినైనా కూర్చోబెట్టు. ఎప్పుడూ ఉండే ఆ ఐదుగురు రిటైర్డ్ టీచర్లు చాలు, నాలాంటివాళ్లు.

మనం ఆయన్ని పరీక్షించినట్టే ఆయనకూ మనల్ని చూసుకునే హక్కుంది. మీ సంఘం అప్పు ఎంత, స్థలం కేసు ఏ కోర్టులో ఉంది, ఏ రెండు కుటుంబాలకు మాటల్లేవు, అన్నీ చెప్పెయ్. వచ్చాక తెలిస్తే మనల్ని మోసగాళ్లనుకుంటాడు. జీతం నోటిమాటగా వద్దు. పిలుపు లేఖలో జీతం, ఇల్లు, కరెంటు బిల్లు, సెలవులు, పిల్లల చదువుకు ఏమిస్తారు, జబ్బు చేస్తే ఏం చేస్తారు, రాసి సంతకాలు పెట్టండి. "దేవుడు చూసుకుంటాడు" అని ఆయన అనొచ్చు, మనం అనకూడదు. పాస్టరమ్మ గారు సండే స్కూలు, స్త్రీల కూటం, క్వయర్ అన్నీ ఉచితంగా చూస్తారని లెక్కలో వేసుకోవద్దు. ఆమెకు ఉద్యోగం ఉంటే ఉండనివ్వండి.

ఓటింగుకు మీ సంఘ నిబంధనల్లో ఏముంటే అదే చెయ్యండి, రెండు ఆదివారాలు ముందు నోటీసు చదివి, చీటీలతో. ఒక్కటే చెబుతాను, సగానికి పైన నాలుగు ఓట్లతో గెలిచినాయన్ని మాత్రం తెచ్చుకోకండి. మళ్లీ మొదలుపెట్టండి. రాని ఇద్దరికీ నువ్వే ఉత్తరం రాయి, వాట్సాప్ మెసేజ్ కాదు. ఒకాయనకు మనింటి నుంచే జవాబు వెళ్తుంది కాబట్టి ముందు కోడలితో మాట్లాడు. ఈరోజే మాట్లాడు, ఫలితం వచ్చాక కాదు.

పోయిన నెల వచ్చినప్పుడు చూశాను, మీ పాస్టరు గారి ఇంట్లో బోరు మోటారు కాలిపోయి పాపం పాస్టరమ్మ గారు వీధి కుళాయి దగ్గర బిందెలు మోసుకుంటున్నారు. కొత్తాయన కోసమని మే నెల దాకా ఆగకుండా ఈ వారమే బాగుచేయించు. నా వంతు వెయ్యి రూపాయలు మీ తమ్ముడితో పంపిస్తున్నాను.

మీ పెదనాన్న