గ్రీకు తత్వశాస్త్రం చదవబోతున్న మాధవికి

చిరంజీవి మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

గ్రీకు, రోమన్ తత్వశాస్త్రం చదవాలని ఉందనీ, దేనితో మొదలుపెట్టాలో చెప్పమనీ నీవు రాసిన ఉత్తరం చూసి చాలా సంతోషించాను. ముందుగా చరిత్ర గ్రంథాల జోలికి వెళ్ళవద్దు. సర్వానికీ మూలం నీరని థేలీస్ అన్నాడనీ, నిప్పని హెరాక్లిటస్ అన్నాడనీ వల్లె వేస్తే పేర్లు నోటికి వస్తాయి గాని, వారు అలా ఎందుకన్నారో బోధపడదు. నేను ఆ దారినే వెళ్ళి రెండేళ్ళు పోగొట్టుకున్నాను.

ప్లేటో రాసిన చిన్న సంభాషణలు పట్టుకో. ముందు ‘యూతిఫ్రో’, తరువాత సోక్రటీసు న్యాయస్థానంలో తన తరఫున చెప్పుకున్న మాటలైన ‘అపాలజీ’, ఆపైన ‘క్రీటో’ చదువు. క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానం మరణశిక్ష విధించిన సోక్రటీసు స్వయంగా ఏ గ్రంథమూ రాయలేదు కనుక, ఆయన గొంతు మనకు ప్రధానంగా ఈ శిష్యుడి రాతల్లోనే వినిపిస్తుంది. తండ్రి ఒక కూలివాడిని కట్టి గోతిలో పడవేయగా అతడు చనిపోయాడని, ఆ కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి యూతిఫ్రో వస్తాడు. అదే దైవభక్తి అని అతని నమ్మకం. పవిత్రమైనది కనుకనే ఒక పని దేవతలకు ఇష్టమవుతుందా, లేక దేవతలకు ఇష్టం కనుక పవిత్రమవుతుందా అని సోక్రటీసు అతన్ని నిలదీస్తాడు. అక్కడ పుస్తకం మూసి, ఒక రోజంతా నీ జవాబు నీవే వెతుక్కో. సంభాషణ ఏదీ తేలకుండానే ముగుస్తుంది, యూతిఫ్రో పని ఉందంటూ వెళ్ళిపోతాడు. అది రచనలోని లోపమని అనుకోకు. తెలుసుననుకున్నది తెలియదని గ్రహించేలా చేయడమే అక్కడ జరిగిన పని.

తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని, చెరొక పాత్రా పంచుకుని బిగ్గరగా చదవండి. చదివిన వాదాన్ని ప్రతి రోజూ తెలుగులో నీ సొంత వాక్యాల్లో రాసుకో. వాక్యం కుదరని చోట విషయం ఇంకా అర్థం కాలేదన్నమాట. మాటల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ‘అరెటే’ను సద్గుణమని అనువదిస్తారు గాని, గ్రీకులు గుర్రానికి కూడా అరెటే ఉందంటారు, తన పనిని చక్కగా చేయగలిగే శ్రేష్ఠత అని దాని భావం. దాన్ని తొందరపడి మన ధర్మంతో సమానం చేయకు. ప్లేటో పుస్తకాల అంచుల్లో కనిపించే 17ఎ వంటి అంకెలు ఆయన రచనల 1578 నాటి ముద్రణ పుటలను సూచిస్తాయి. ఏ అనువాదంలోనైనా అదే చోటు దొరుకుతుంది కనుక నీ నోట్సులో వాటినే రాసుకో.

అరిస్టాటిల్ పొడిగా అనిపిస్తే దిగులుపడకు. ఆయన పాఠకుల కోసం తీర్చిదిద్దిన సంభాషణలు నశించాయి, మిగిలినవి చాలావరకు పాఠాల కోసం రాసుకున్నవే. ‘నికోమాకియన్ ఎథిక్స్’లో మొదటి రెండు భాగాలు ప్రస్తుతానికి చాలు. రోమన్లలో తత్వవేత్త సెనెకా లేఖలు 124 మిగిలాయి, రోజుకొకటి చదువు. బానిసగా పుట్టిన ఎపిక్టెటస్ బోధనలనూ, చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ తన కోసం గ్రీకులో రాసుకున్న పుస్తకాన్నీ ఒకదాని వెంట ఒకటి చదవాలి.

‘యూతిఫ్రో’ మీద నీవు రాసిన మొదటి పేజీ నాకు పంపు. సంక్రాంతికి వచ్చినప్పుడు ‘క్రీటో’ కలిసి చదువుదాం. సోక్రటీసు మాటలు నీవు చదువు, చెరసాల నుంచి పారిపొమ్మని బతిమాలే స్నేహితుడు క్రీటో మాటలు నేను చదువుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న