పాపంలో పడతామనే భయంతో పెళ్లికి తొందరపడకమ్మా

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు 20, బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం, యూత్ మీటింగ్‌లో గిటార్ వాయించే అబ్బాయిని ఇష్టపడ్డావు, అతనికి 23, ఇంకా ఉద్యోగం లేదు, విషయం తెలిసి పాస్టర్ గారు సాక్ష్యం, అంటే సంఘంలో మంచి పేరు, పాడవకముందే జూన్‌లో పెళ్లి చేసేద్దాం అన్నారు, అమ్మానాన్న కూడా సరే అన్నారు, నీకేమో రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. చదువయ్యేదాకా ఏడాదిన్నర ఆగుదాం అంటే ఏదో తప్పు చేసి దాస్తున్నావనుకుంటారేమో అని నీ భయం.

ముందు ఒకటి చెప్తా విను, ఆ అబ్బాయి మీద నీకున్న ఇష్టం పాపం కాదు. మన సంఘాల్లో ఆడపిల్లకి ఈ మాట చెప్పేవాళ్ళు తక్కువ, అంతా శోధన, పాపంలోకి లాగే పరీక్ష అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, పిల్లలు హడలిపోయి పెళ్లికి ఒప్పేసుకుంటారు.

పాస్టర్ గారు చూపించిన వాక్యం, "కామతప్తులగుటకంటె పెండ్లి చేసికొనుట మేలు", మొదటి కొరింథీ 7:9, నిజమే ఉంది. కానీ ఆ అధ్యాయం మొత్తం చదువు, పెళ్లి లేకుండా ఉండటం కూడా మంచిదే అంటాడు ఆ పత్రిక రాసిన పౌలు. ఆదికాండంలో యాకోబు తను ప్రేమించిన రాహేలు కోసం ఏడేళ్ళు కొలువు చేస్తే అవి కొద్ది రోజుల్లా అనిపించాయట. నువ్వు అడిగేది ఏడాదిన్నర. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 చాలు, ఆ లెక్కలో మీకు అడ్డేం లేదు, నాకున్న బెంగ నీ చదువు గురించే.

పోయినేడు ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది, 19కే పెళ్లయింది, చంకలో ఆరు నెలల బాబు. మాట్లాడుతూనే బైబిల్ తెరిచి మడతపెట్టిన హాల్‌టికెట్ తీసి చూపించింది, రాయలేకపోయిన పరీక్షది. భర్త మంచివాడే, కానీ ఇద్దరికీ సంపాదన లేదు, సబ్బు కావాలన్నా అత్తగారిని అడగాలి.

ముందు అమ్మతో ఒంటరిగా మాట్లాడు. పెళ్లి వద్దనట్లేదు, ఫైనలియర్ అయ్యి నర్సింగ్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక చేసుకుంటా అని చెప్పు. అయితే ప్రధానం, అంటే నిశ్చితార్థం, అయినా చేసి ఉంచుదాం అంటారు, దానికీ తొందరపడకు, ప్రధానం అయ్యాక వెనక్కి రావడం మనవాళ్ళలో ఎంత కష్టమో నీకు తెలుసు. పాస్టర్ గారి దగ్గరికి నాన్నని తీసుకునే వెళ్ళు, ముందుగా పాస్టరమ్మ గారికి చెప్తే ఇంకా మంచిది.

ఆ అబ్బాయికి మాత్రం నువ్వే చెప్పు, వేరేవాళ్ళతో చెప్పించకు. ఆగుదాం అనగానే అలిగాడా, ఈలోపు ఉద్యోగం చూసుకుంటా అన్నాడా, నాకు రాయి.