ఫ్రేము సంగతి తర్వాత, ముందు ఆ క్రీము

ప్రశ్న: నా వయసు 36. నాలుగు నెలల కిందట బంగారు రంగు డిజైనర్ ఫ్రేము తీసుకున్నాను. నెల తిరగకుండానే ముక్కుకు రెండు పక్కలా, చెవుల వెనక ఎర్రబడి దురద మొదలైంది. స్నేహితురాలికి పనిచేసిందని చెప్పిన క్రీము మూడు నెలలుగా రాస్తున్నాను. రాస్తే తగ్గుతుంది, మానితే మళ్లీ వస్తుంది. ఈ మధ్య కనురెప్పలకూ రాస్తున్నాను. టైటానియం, అసిటేట్, టీఆర్-90 ఫ్రేముల్లో ఏది మంచిది?

జవాబు: ఏ ఫ్రేము కొనాలో చెబుతాను. కానీ ‘మూడు నెలలుగా’, ‘కనురెప్పలకూ’ అన్న మాటలు చదివాక ఫ్రేము నాకు రెండో విషయమైపోయింది.

క్రీము పేరు మీరు రాయలేదు. రాస్తే తగ్గి, మానితే తిరగబెడుతోందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్ వంటి పేర్లున్నాయేమో చూడండి. ఇవి చెడ్డ మందులు కావు. ఎక్కడ, ఎన్ని రోజులు రాయాలో డాక్టరు చెప్పినప్పుడే మేలు చేస్తాయి. కనురెప్ప చర్మం శరీరం మొత్తంలో అతి పలచనిది, సుమారు అర మిల్లీమీటరు. అక్కడ రాసిన మందు తేలిగ్గా లోపలికి ఇంకుతుంది. నెలల తరబడి వాడితే చర్మం ఇంకా పలచబడుతుంది. కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి, కంటి నరం దెబ్బతినే గ్లకోమాకు దారితీయవచ్చు, శుక్లమూ రావచ్చు. ఒత్తిడి పెరిగిన తొలి రోజుల్లో సాధారణంగా నొప్పి ఉండదు, చూపూ తగ్గినట్టు అనిపించదు. నన్ను భయపెట్టేది అదే. స్నేహితురాలి సమస్య, మీ సమస్య ఒకటేనని ఎవరు చూసి తేల్చారమ్మా? మొదటి వారంలోనే వచ్చి చూపించుకుని ఉంటే ఇది చిన్న సమస్యగానే ఉండేది.

ఈ వారంలోనే కంటి డాక్టరు దగ్గర ఒత్తిడి కొలిపించుకోండి, చర్మ వైద్యులకూ చూపించుకోండి. ఇంకో ట్యూబు మాత్రం కొనకండి. ఇంతకాలం వాడాక ఒక్కసారిగా మానితే ఎర్రదనం విజృంభించవచ్చు కాబట్టి, ఎలా తగ్గించాలో మిమ్మల్ని చూసినవారే చెప్పాలి.

ఇక కారణం. ఫ్రేము తగిలే చోటే వచ్చింది కాబట్టి మొదటి అనుమానం చాలామంది చర్మానికి పడని నికెల్ అనే లోహం మీద. చాలా లోహపు ఫ్రేములు మోనెల్ అనే మిశ్రమలోహంతో చేస్తారు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు నికెల్, మిగతాది ఎక్కువగా రాగి. కొన్ని ఫ్రేములకు వాడే జర్మన్ సిల్వర్‌లో పేరుకే వెండి. ఉండేవి రాగి, జింకు, నికెల్. పైన బంగారు పూత ఎంత అందంగా ఉన్నా, చెమటకు, రాపిడికి అరిగితే లోపలి నికెల్ చర్మానికి తగులుతుంది. దద్దురు వెంటనే రాదు, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. అందుకే చాలామంది ఫ్రేమును అనుమానించరు. గిల్టు కమ్మలు, వాచీ బకిల్, జీన్స్ గుండీ ఎప్పుడైనా మీకు పడలేదా? పడకపోతే డాక్టరుకు తప్పక చెప్పండి.

అయితే చూడకుండా నికెలే అని తేల్చలేను. చర్మం ఎర్రబడి పొలుసులు రాలే సెబోరిక్ డెర్మటైటిస్ కూడా సరిగ్గా ముక్కు పక్కన, చెవి వెనకే వస్తుంది. ముక్కు ప్యాడ్ల రబ్బరు, ఫ్రేము రంగులు పడకపోయినా ఇలాగే ఉంటుంది. చర్మానికి ఏది పడదో తేల్చేది ప్యాచ్ టెస్టు. అందులో వీపు మీద పట్టీలు రెండు రోజులు ఉంచి, తీశాక ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. ముక్కు మీద, చెవి వెనక మానని పుండు, గాడి పడిన గడ్డ ఉంటే అస్సలు ఆలస్యం చేయకండి. ఫ్రేము ఒత్తిడికి వచ్చే గడ్డ, చర్మ క్యాన్సర్ ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి.

నికెల్ అని తేలితే స్వచ్ఛమైన టైటానియం మంచిది. అది పడనివారు చాలా అరుదు. ‘టైటానియం’ అన్న ముద్ర చూసి ఊరుకోకండి. వంచినా తిరిగి నిటారుగా వచ్చే మెమరీ మెటల్‌లో టైటానియంతో పాటు దాదాపు సగం నికెలే. అసిటేట్ పత్తి, కలప నుంచి తీసిన సెల్యులోజ్‌తో తయారవుతుంది, టీఆర్-90 నైలాన్ జాతికి చెందిన తేలికైన ప్లాస్టిక్. రెండూ మీకు సరిపోవచ్చు. కానీ అసిటేట్ కాడల లోపల తరచూ లోహపు తీగ ఉంటుంది, బందులూ మరలూ ఎలాగూ లోహమే. ప్రతి భాగం దేనితో చేశారో అడిగి రాయించుకోండి. డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణంలో ముంచిన దూదితో ఫ్రేమును రుద్ది గులాబీ రంగు వస్తుందేమో చూసే పరీక్ష కూడా ఉంది; ఆ రంగు వస్తే నికెల్ ఉన్నట్టు.

అప్పటిదాకా పాత కళ్లజోడు పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కొత్త ఫ్రేమునూ, ఆ క్రీము ట్యూబునూ, ఖాళీదైనా సరే, వెంట తీసుకెళ్లండి.