కుక్కపిల్లకు తొలి రాత్రులు

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న అందింది. ఎనిమిది వారాల కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నామనీ, పగలంతా కాళ్లకు అడ్డం పడుతూ హాయిగా తిరుగుతున్న ఆ కూన రాత్రి దీపం ఆర్పేసరికి ఏడుపు అందుకుంటున్నదనీ, రెండు రాత్రులుగా నీకూ కోడలికీ కంటి మీద కునుకు లేదనీ రాశావు. ఏడుస్తుంటే వదిలెయ్యాలా, దగ్గరికి వెళ్లాలా అని అడిగావు. ముందు దానికి జవాబు చెప్పి, తక్కిన సంగతులు తర్వాత రాస్తాను. వదిలెయ్యవద్దు. ఈ రాత్రి నుంచే దాని పడకను మీ మంచం పక్కకు మార్చండి.

ఎందుకో చెబుతాను. మొన్నటిదాకా ఆ కూన ఒంటరిగా నిద్రపోయి ఎరగదు. తల్లి పొట్టకు ఆనుకుని, తోబుట్టువుల మీద కాలో తలో వేసి, ఒకదాని ఊపిరి ఒకదానికి తగులుతుండగా నిద్రపోయింది. తల్లి నుంచి తప్పిపోయిన పిల్ల గట్టిగా అరిస్తేనే తల్లి వెతుక్కుంటూ వస్తుంది కాబట్టి, ఒంటరిగా మిగిలితే అరవడమన్నది దానికి పుట్టుకతో వచ్చిన రక్షణ. మనం దాన్ని మొండితనమనీ, గారాబమనీ, ఇప్పుడు లొంగితే నెత్తికెక్కుతుందనీ అనుకుంటాం. ఎనిమిది వారాల పిల్లకు మనల్ని లొంగదీసుకోవాలన్న ఆలోచన ఉండదు. దానికి భయం వేసింది, పిలుస్తున్నది, అంతే.

ఈ మాట నేను మొదటి నుంచీ తెలిసి చెబుతున్నది కాదు. నేను పెంచిన మొదటి కుక్కపిల్ల విషయంలో, "ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుంది, మూడు రాత్రులు మనసు గట్టి చేసుకో" అని ఒకరు చెబితే నమ్మి, దాన్ని వెనుక గదిలో పడుకోబెట్టి తలుపు వేశాను. మొదటి రాత్రి తెల్లవార్లూ ఏడ్చింది. రెండో రాత్రి కాసేపు ఏడ్చింది. మూడో రాత్రి నిశ్శబ్దంగా ఉంటే గెలిచాననుకున్నాను. తెల్లవారి తలుపు తీసి చూస్తే, పక్క మీద పడుకోవలసిన పిల్ల గడపకు ఆనుకుని ముడుచుకుని ఉంది; గడ్డం కింద వెంట్రుకలన్నీ చొంగతో తడిసి అట్టకట్టాయి; తలుపు అడుగున గోళ్లతో గీకిన చోట రంగు లేచిపోయి సన్నని చెక్కపొట్టు రాలి ఉంది. అది నిద్రపోవడం నేర్చుకోలేదు, పిలిచినా ఎవరూ రారని నేర్చుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎక్కడ తలుపు మూసినా వణికేది, ఒక్క గంట ఒంటరిగా ఉండలేకపోయేది. ఆ భయాన్ని పోగొట్టడానికి పడిన శ్రమలో పదో వంతు మొదటి వారంలో పడి ఉంటే సరిపోయేదని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నీకింత వివరంగా రాయడానికి కారణం అదే.

ఇక పడక సంగతి. కుక్కపిల్ల నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపుకుని పడుకోగలిగినంత చోటు ఉన్న బోను గానీ, ఎత్తైన అంచులున్న గట్టి అట్టపెట్టె గానీ తీసుకో. పెద్దదైతే సుఖంగా ఉంటుంది కదా అనుకోవద్దు. తాను పడుకున్న చోటును తడపకూడదన్న స్వభావం కుక్కకు సహజంగా ఉంటుంది. చోటు మరీ ఎక్కువైతే ఒక మూల పడుకుని మరో మూల తడుపుతుంది, ఆ స్వభావం అక్కడే పాడవుతుంది. బోను పెద్దదే కొని ఉంటే మధ్యలో అడ్డు పెట్టి, పిల్ల ఎదిగేకొద్దీ జరుపుకోవచ్చు. దాన్ని మంచానికి ఆనించి, నువ్వు పడుకున్న చోటు నుంచి చెయ్యి కిందికి జారిస్తే వేళ్లు అందేటట్టు పెట్టు. రాత్రి అది కదిలి కుయ్యిమన్నప్పుడు ఆ వేళ్ల వాసన దానికి తెలిస్తే చాలు, చాలాసార్లు లేచి కూర్చోకుండానే మళ్లీ ముడుచుకుంటుంది. పిల్లను తెచ్చుకున్న వారిని అడిగి, తల్లి పడుకున్న పాత గుడ్డ ముక్క ఒకటి తెప్పించుకోగలిగితే తెప్పించి, ఉతకకుండా పక్కలో వెయ్యి. గోరువెచ్చని నీళ్లు పోసిన సీసాకు మందపాటి గుడ్డ చుట్టి ఒక పక్కన పెట్టినా తోబుట్టువు ఆనుకున్నట్టుగా ఉంటుంది. నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు, మూత గట్టిగా బిగించాలి, వద్దనిపిస్తే అవతలికి జరగడానికి పిల్లకు చోటుండాలి. బోనులో పెట్టేముందు మెడపట్టీ తప్పకుండా తీసెయ్యి. ఊచలకు తగులుకుంటే పట్టీ మెడకు బిగుసుకుపోతుంది.

బోనంటే జైలు కాదని కూడా పిల్లకు తెలియాలి. తెచ్చిన రాత్రే లోపల తోసి తలుపు వేస్తే ఏ పిల్లైనా గోల చేస్తుంది. పగటి పూట తలుపు తీసి ఉంచి, దాని తిండిగిన్నె లోపలే పెట్టు; ఆటలో అలసి ఎక్కడో సోలిపోతే మెల్లగా ఎత్తి అందులో పడుకోబెట్టు; లోపల ఉండగా ఒక్క నిమిషం తలుపు మూసి, అది ఏడవకముందే తెరువు. రోజుకు నాలుగైదు సార్లు ఇలా చేస్తే, అది తన ఇష్టంతోనే లోపలికి వెళ్లి పడుకునే రోజు తొందరగానే వస్తుంది. అది కుదిరేదాకా రాత్రి తలుపు మూయకుండా, చుట్టూ చిన్న కంచె లాంటిది పెట్టి ఊరుకున్నా తప్పు లేదు.

రాత్రి నిద్ర పగటి నుంచే మొదలవుతుందన్నది చాలామంది గమనించరు. ఈ వయసు పిల్ల రోజులో పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు నిద్రపోవాలి. రాత్రి బాగా పడుకోవాలని పగలంతా మేలుకొలిపి ఆడించేవాళ్లను చూశాను, ఫలితం తలకిందులవుతుంది. నిద్ర చాలని చంటిబిడ్డ ఎలా చికాకు పడుతుందో అలాగే నిద్ర చాలని కుక్కపిల్ల పిచ్చిగా పరుగులు తీస్తూ, కనిపించిన చేతినల్లా కొరుకుతూ, ఆపినకొద్దీ రెచ్చిపోతుంది. సాయంత్రం వేళ మీ పిల్ల అలా చేస్తున్నదని రాశావు చూడు, అది ఆట కోరడం కాదు, అలసట. ఒక గంట మెలకువగా ఉన్నాక చీకటిగా, చప్పుడు లేకుండా ఉన్న చోట పడుకోబెట్టడం అలవాటు చెయ్యి. ఇంటికి చూడవచ్చిన వాళ్లందరూ ఎత్తుకోవడం కూడా మొదటి వారం తగ్గించండి. దానికి ఇల్లే కొత్త, వాసనలే కొత్త.

తిండి రోజుకు నాలుగు పూటలుగా పంచి పెట్టి, చివరి పూట పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించు. తిన్న తర్వాత అరగంటలోపు కడుపు కదులుతుంది కాబట్టి అప్పుడు బయటికి తీసుకెళ్లడం మరచిపోవద్దు. నీళ్లు పగలంతా అందుబాటులో ఉండాలి, దాహంతో మాత్రం పడుకోబెట్టకు. పడుకోవడానికి కాస్త ముందు గిన్నె తీసేస్తే చాలు, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో అదీ వద్దు. చివరి గంటలో పరుగుల ఆటలు ఆపేసి, కొరకడానికి ఏదైనా మెత్తని ఆటవస్తువు ఇచ్చి పక్కన కూర్చోండి. మీరు పడుకునే ముందు, అది నిద్రలో ఉన్నా సరే, ఎత్తుకుని బయటికి తీసుకెళ్లి మూత్రం పోయించి తీసుకురావాలి.

అసలు కష్టం అర్ధరాత్రి ఏడుపు దగ్గర ఉంది. ఏడుపులన్నీ ఒకటి కావు. పడుకోబెట్టిన వెంటనే వచ్చేది సన్నగా, ఆగి ఆగి సాగుతుంది; నీ చెయ్యి తగిలితే, మెల్లగా ఒక మాట వినిపిస్తే తగ్గుతుంది. రెండు మూడు గంటలు నిద్రపోయి లేచాక వచ్చేది వేరు. పిల్ల లేచి నిలబడుతుంది, పక్కను ముక్కుతో తడుముతూ గుండ్రంగా తిరుగుతుంది, గొంతులో తొందర వినిపిస్తుంది. అది మూత్రం కోసం. వయసు ఎన్ని నెలలో అంతకు ఒకటి కలిపి అన్ని గంటలు ఆపుకోగలదని పెంచేవాళ్లు వేసుకునే లెక్క ఒకటుంది. అది ఉజ్జాయింపు లెక్కే, చిన్న జాతి పిల్లలు అంతకంటే తక్కువ ఆపుకుంటాయి. ఏ లెక్కన చూసినా రెండు నెలల పిల్ల తెల్లవారేదాకా ఆపుకోలేదు, కనుక రాత్రి ఒకటి రెండుసార్లు లేవడం నీకు తప్పదు. కోడలూ నువ్వూ వంతులు వేసుకోండి.

లేచినప్పుడు ఎలా ఉండాలన్నదే ముఖ్యం. పెద్ద దీపం వెయ్యకు. పిల్లను నడిపించకుండా ఎత్తుకుని వెళ్లు, నడిపిస్తే దారిలోనే తడుపుతుంది. రోజూ ఒకే చోట దించి, మాట్లాడకుండా నిలబడు. పని కాగానే నెమ్మదైన గొంతుతో ఒక్కసారి మెచ్చుకుని, తిరిగి తెచ్చి పడుకోబెట్టు. ఆట లేదు, తిండి లేదు, ముద్దు మాటలు లేవు. రాత్రి లేస్తే మూత్రం పోసి మళ్లీ పడుకోవడం తప్ప మరేమీ జరగదని దానికి అర్థం కావాలి. ఐదు నిమిషాల్లో పూర్తి కావలసిన పని ఇది. దగ్గర పడుకోబెట్టుకోమన్నాను కదా అని లేచిన ప్రతిసారీ ఒళ్లో వేసుకుని ఆడిస్తే, అప్పుడు మాత్రం అది నిజంగానే ఆట కోసం లేవడం మొదలుపెడుతుంది.

నాకు బాగా పనిచేసిన ఉపాయం ఒకటి చెబుతాను. పిల్ల ఏ గంటకు లేస్తున్నదో మూడు రాత్రులు కాగితం మీద రాసిపెట్టు. ఉదాహరణకు రెండున్నరకు లేస్తుంటే, రెండుంపావుకు అలారం పెట్టుకుని, అది ఏడవకముందే నువ్వే లేచి బయటికి తీసుకెళ్లు. ఏడిస్తేనే తలుపు తెరుచుకుంటుందన్న అలవాటు ఇక్కడే తప్పుతుంది. రెండు మూడు రాత్రులు పొడిగా గడిస్తే అలారాన్ని పావుగంట ఆలస్యంగా మోగేటట్టు జరుపు. అలా జరుపుకుంటూ పోతే, నాలుగు నెలలు నిండేసరికి చాలా పిల్లలు రాత్రంతా, లేదా రాత్రిలో ఎక్కువ భాగం, లేవకుండా పడుకుంటాయి. మధ్యలో ఒక రాత్రి మళ్లీ మొదటికొచ్చినా దిగులు పడవద్దు, అలారాన్ని మళ్లీ పావుగంట పెందరాళే మోగేటట్టు పెట్టుకుని సాగించు.

పక్క తడిపితే తిట్టవద్దు, కొట్టవద్దు, ముక్కు పట్టుకుని తడిలో రుద్దే పాత పద్ధతి అసలే వద్దు. జరిగిపోయిన పనికీ నీ కోపానికీ ఉన్న సంబంధం దానికి అర్థం కాదు. నువ్వంటే భయపడి ఇకపై చాటుగా తడుపుతుంది. నేల తుడవడానికి అమ్మోనియా ఉన్న ద్రావకాలు వాడకు, ఆ వాసన మూత్రం వాసనకు దగ్గరగా ఉండి అదే చోటికి మళ్లీ రప్పిస్తుంది. పెంపుడు జంతువుల మరకల కోసం అమ్మే ఎంజైమ్ ద్రావకం మేలు.

మంచం మీదే పడుకోబెట్టుకోవాలని కోడలికి ఉందని రాశావు. అది మీ ఇష్టం, పాపమేమీ కాదు. ఇంత చిన్న పిల్లకు మాత్రం మంచం ఎత్తు ఎక్కువ. చీకట్లో దూకితే కాలు విరగవచ్చు, నిద్రలో మీ బరువు దాని మీద పడవచ్చు. అది పెద్దదయ్యాక ఆలోచించుకోండి. ఏది నిర్ణయించుకున్నా ఇద్దరూ ఒకటే మాట మీద ఉండాలి. నువ్వు దించుతూ, తను ఎక్కించుకుంటూ ఉంటే పిల్లకు ఏది నిజమో తెలియదు. ముందు ముందు అది వేరే గదిలో పడుకోవాలని మీరు అనుకుంటే, రాత్రంతా నిశ్చింతగా పడుకుంటున్న రోజులు వారం పది గడిచాక, రెండు రోజులకు ఒకసారి బోనును కొంచెం కొంచెంగా తలుపు వైపు జరుపు. ఏడిస్తే ఒక అడుగు వెనక్కి తెచ్చి మరికొన్ని రోజులు ఆగు.

ఒక జాగ్రత్త. అన్ని ఏడుపులూ బెంగ వల్ల రావు. నీళ్ల విరేచనాలు, వాంతులు, తిండి ముట్టకపోవడం, పిలిచినా చలాకీగా లేవకపోవడం, గంటకోసారి కొంచెం కొంచెంగా మూత్రం పోస్తూ మూలగడం వంటివి కనిపిస్తే తెల్లవారాక చూద్దామని ఊరుకోకుండా పశువైద్యుడికి చూపించు. ఈ వయసులో పార్వో (వాంతులు, విరేచనాలతో వచ్చే వైరస్ జబ్బు) వంటివి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తాయి. నులిపురుగులున్నా కడుపు ఉబ్బి రాత్రుళ్లు నిలకడగా పడుకోలేదు. మందు ఎప్పుడు వెయ్యాలో, టీకాలు ఏ వారాల్లో వేయించాలో రాయించుకుని గోడకు తగిలించు. టీకాలు పూర్తయ్యేదాకా రాత్రి బయటికి తీసుకెళ్లే చోటు మీ ఆవరణలోదే కావాలి, ఊరి కుక్కలు తిరిగే చోటు కాకూడదు.

ఈ రాత్రి నువ్వు కూడా పెందరాళే పడుకో. మేలుకుని ఎప్పుడు ఏడుస్తుందా అని చూస్తూ కూర్చుంటే నీ చేతిలోని కంగారు దానికి తెలిసిపోతుంది. లేచిన గంటలు రాసిన కాగితాన్ని వారం తర్వాత నాకు పంపించు; అలారం ఎంత జరపాలో ఇద్దరం కలిసి చూద్దాం. దానికి ఏం పేరు పెట్టారో మాత్రం రాయనే లేదు, ఈసారి తప్పకుండా రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ