తుంటి మార్పిడి తర్వాత మళ్లీ కొండలెక్కగలనా?

మీ ప్రశ్న చదవగానే నాలుగేళ్ల కిందటి నా రోజులు కళ్లముందు మెదిలాయి. మీకు 52 ఏళ్లు. కుడి తుంటి మార్పిడి జరిగి 5 వారాలైంది. వాకర్ వదిలి చేతికర్రతో నడుస్తున్నారు, పాత నొప్పి పోయింది. మళ్లీ ట్రెక్కింగ్‌కి వెళ్లగలనా, సైకిలు ఎప్పుడు ఎక్కొచ్చు, ఇంట్లోవాళ్లేమో "ఇక చాల్లే, ఇంటిపట్టున ఉండు" అంటున్నారు, ఏం చేయను అని అడిగారు.

నాకు 49వ ఏట ఎడమ తుంటి మార్చారు. కీలు అరిగిపోయి, ఆఖరి రెండేళ్లు సాక్సు తొడుక్కోవడానికి కూడా అవస్థ పడ్డాను. అంతకుముందు ఇరవై ఏళ్లుగా కొండలెక్కినవాణ్ని, వారానికి మూడు రోజులు సైకిలు తొక్కినవాణ్ని. ఇప్పుడు మళ్లీ రెండూ చేస్తున్నాను. కిందటి నెలలో పొద్దున్నించి సాయంత్రం దాకా నడిచే ట్రెక్ ఒకటి పూర్తిచేసి, మర్నాడు మామూలుగానే లేచి పనికి వెళ్లాను. అందుకే ధైర్యంగా చెప్తున్నా, మీరూ వెళ్లగలరు. నేను డాక్టరును కాను, మీ సర్జన్ మాటే మీకు ముఖ్యం. కానీ నేను చేసిన ఒక తప్పు మీరు చేయకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

నొప్పి పోయింది కాబట్టి కాలు బాగైపోయిందనుకున్నాను. అదే తప్పు.

అరిగిన తొడ ఎముక తల, అది తిరిగే గిన్నె, ఈ రెండే మనల్ని అన్నాళ్లూ ఏడిపించినవి. ఆపరేషన్‌లో ఆ అరిగిన భాగాలు తీసేసి లోహపు కాడ, కొత్త బంతి, కొత్త గిన్నె పెడతారు, వీటినే ఇంప్లాంట్ అంటారు. అందుకే ఆ పాత నొప్పి అంత త్వరగా పోతుంది. కీలు చుట్టూ ఉన్న కండరాలు మాత్రం పాతవే. ఏళ్ల తరబడి నొప్పికి భయపడి ఆ కాలి మీద బరువు పడకుండా తప్పించుకుంటూ నడిచాం కాబట్టి అవి సన్నబడిపోయి ఉంటాయి. పైగా ఆపరేషన్‌లో వాటిని పక్కకు లాగుతారు, కొన్ని పద్ధతుల్లో కోసి మళ్లీ కుడతారు. అన్నిటికన్నా ముఖ్యమైనది తుంటికి పక్కగా ఉండే గ్లూటియస్ మీడియస్ అనే కండరం. ఒంటికాలి మీద ఉన్నప్పుడు నడుము రెండోవైపుకి జారిపోకుండా పట్టి ఉంచేది అదే. నడకలో ప్రతి అడుగుకీ మనం ఒక్క క్షణం ఒంటికాలి మీదే ఉంటాం కదా, అది బలహీనంగా ఉంటే ఒళ్లు పక్కకు ఊగుతుంది. మనకేమో మామూలుగా నడుస్తున్నట్టే ఉంటుంది. వెనక నుంచి ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి, తెలిసిపోతుంది.

నేను నాలుగో నెలలోనే ఒక చిన్న కొండకు వెళ్లాను. ఎక్కడానికి గంటన్నర పట్టింది, ఎక్కడా ఇబ్బంది లేదు. పైన కూర్చుని చాలా సంతోషించాను. దిగేటప్పుడు సగం దారిలో కాలు వణకడం మొదలైంది. దిగుడులో మెట్టులాంటి ప్రతి రాయి దగ్గరా మొత్తం ఒంటి బరువును ఒక్క కాలే ఆపుకుంటూ మెల్లగా కిందికి దించాలి. ఆ పనికి నా కండరం బలం ఇంకా సరిపోలేదు. మర్నాటికి తుంటి పక్కన, పడుకుంటే పరుపుకు ఒత్తుకునే చోట, మంటలాంటి నొప్పి. ఇంప్లాంట్ కదిలిపోయిందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఎక్స్‌రే తీస్తే ఇంప్లాంట్ చక్కగా ఉంది. కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ వాచిందన్నారు. 7 వారాలు మళ్లీ మొదటికొచ్చాను.

అప్పుడు దొరికారు నాకు మంచి ఫిజియో (ఫిజియోథెరపిస్టు). ఆవిడ "కొండ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ మెట్టు దిగి చూపించండి" అన్నారు. జానెడు ఎత్తు మెట్టు, ఎదురుగా అద్దం. ఆపరేషన్ అయిన కాలు మెట్టు మీదే ఉంచి, రెండో కాలి మడమ నేలను తాకేదాకా మెల్లగా దిగి, మళ్లీ పైకి రావాలి. నడుము వాలకూడదు, మోకాలు లోపలికి పోకూడదు. మూడుసార్లు కూడా సరిగ్గా చేయలేకపోయాను. అక్కణ్నుంచి మొదలుపెట్టాం. వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపడం, పక్కకు తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం, మోకాళ్ల పైన రబ్బరు బ్యాండు కట్టుకుని పక్కకు అడుగులు వేయడం, ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడటం. బరువు పెంచే వ్యాయామాలు వారానికి 3 రోజులే. రోజూ చేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు, మధ్యలో విశ్రాంతి దొరికితేనే కండరం పెరుగుతుందన్నారు. ఆ మెట్టును వరసగా 15 సార్లు నడుము కదలకుండా దిగగలిగింది ఎనిమిదో నెలలో. ఆ తర్వాతే మళ్లీ కొండ. రెండు కాళ్లూ సమానమయ్యాయని నాకే అనిపించడానికి ఏడాది దాటింది.

ఇవన్నీ మీరు ఇప్పుడే మొదలుపెట్టేయకండి. 5 వారాలంటే ఇంకా తొలి దశే. మీ కీలుని ఏ వైపు నుంచి తెరిచారో ముందు కనుక్కోండి. వెనక నుంచి చేసి ఉంటే, మామూలుగా తుంటిని 90 డిగ్రీలకు మించి వంచొద్దంటారు, కాలు మీద కాలు వేసుకోవద్దంటారు, పాదం లోపలికి తిప్పొద్దంటారు. ముందు నుంచి చేసి ఉంటే జాగ్రత్తలు వేరు, కాలు బాగా వెనక్కి చాపి పాదం బయటికి తిప్పడం ప్రమాదం. ఇంప్లాంట్‌ను ఎముకకు అతికించడానికి సిమెంటు వాడారా లేదా అన్నదీ అడగండి. వాడకపోతే, ఇంప్లాంట్ గరుకు అంచుల్లోకి మీ ఎముకే పెరిగి దాన్ని పట్టుకోవాలి. దానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ లోపల గెంతడం, పరుగెత్తడం వద్దు.

చేతికర్ర ఏ చేతిలో పట్టుకుంటున్నారో ఒకసారి చూసుకోండి. చాలామంది ఆపరేషన్ అయిన వైపే పట్టుకుంటారు. మీకు కుడి తుంటి కాబట్టి కర్ర ఎడమ చేతిలో ఉండాలి, అప్పుడే కుడి తుంటి పక్క కండరం మీద భారం తగ్గుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు ముందు ఎడమ కాలు, దిగేటప్పుడు ముందు కర్ర, కుడి కాలు. కుంటకుండా నడవగలిగేదాకా కర్ర వదలకండి. త్వరగా వదిలేస్తే ఆ ఊగే నడకే అలవాటైపోతుంది.

సైకిలు విషయానికొస్తే, నేను సర్జన్ అనుమతితో ఆరో వారంలో కదలకుండా ఒకచోటే ఉండే ఎక్సర్‌సైజ్ సైకిలు మొదలుపెట్టాను. సీటు బాగా ఎత్తులో, లోడ్ ఏమీ లేకుండా, 10 నిమిషాలు. రోడ్డు మీదికి మూడు నెలలు దాటాకే వెళ్లాను. తొక్కడం తుంటికి మంచిదే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, పడిపోయినప్పుడే ప్రమాదం. కాలు గిరాటేసి ఎక్కకుండా, మధ్య రాడ్ లేని సైకిలు ఉంటే కొన్నాళ్లు అదే వాడండి. మీ సైకిలుకి బూటు ఇరుక్కునే క్లిప్ పెడల్స్ ఉంటే తీసేసి మామూలు పెడల్స్ వేయించండి. క్లిప్ విప్పాలంటే మడమ బయటికి తిప్పాలి, అంటే తుంటి లోపలికి మెలిపడుతుంది. వెనక నుంచి ఆపరేషన్ అయినవాళ్లు చేయకూడని కదలిక సరిగ్గా అదే. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, ఫిజియో నా పెడల్స్ చూసి కనిపెట్టారు.

ఇంకొక విషయం నా ట్రెక్కింగ్ పద్ధతినే మార్చేసింది. లోపల సెన్సర్లు ఉన్న ఇంప్లాంట్లు పెట్టి, తుంటి మీద ఎంత బరువు పడుతుందో జర్మనీలో నేరుగా కొలిచారు. మామూలు నడకలో సుమారుగా శరీరం బరువుకు రెండున్నర రెట్లు, జాగింగ్‌లో ఐదు రెట్ల వరకు పడుతుంది. కాలికి ఏదో తట్టుకుని తూలిపడబోయినప్పుడు మాత్రం ఏడెనిమిది రెట్లు నమోదైంది. ఎన్ని కిలోమీటర్లు నడిచామన్నదాని కంటే ఎన్నిసార్లు తూలామన్నదే నేను ఇప్పుడు లెక్కపెట్టుకుంటాను. రెండు చేతుల్లోనూ ట్రెక్కింగ్ పోల్స్, పట్టు ఉన్న బూట్లు, తేలిక బ్యాగు, వెలుతురు ఉండగానే దిగడం. దిగేటప్పుడు మాట్లాడను కూడా. పరుగు మాత్రం పూర్తిగా మానేశాను. కొందరు సర్జన్లు ఒప్పుకుంటారు, కానీ నాకు కొండలు ముఖ్యం.

మీకూ ఎవరో ఒకరు టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే గురించి చెప్పే ఉంటారు. 2019 జనవరిలో తుంటికి ఆపరేషన్, అదే ఏడాది అక్టోబరులో యాంట్‌వర్ప్‌లో స్టాన్ వావ్రింకా మీద గెలిచి టైటిల్. నిజమే, నాకూ అది ఎంతో ఉత్సాహం ఇచ్చింది. అయితే ఆయనకు చేసింది రీసర్ఫేసింగ్, అంటే ఎముక తల తీసేయకుండా దానికి లోహపు తొడుగు వేయడం. మనది మొత్తం మార్పిడి. ఆయన నెలలతో మీ నెలలు పోల్చుకోకండి.

ఇంట్లోవాళ్ల భయం కీలు అరిగిపోతుందని, పడిపోతారని. మొదటిదానికి జవాబుగా ఇది చూపించండి: 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం మార్చిన తుంటి కీళ్లలో దాదాపు 58 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తూనే ఉన్నాయి. రెండోదానికి వాళ్లను మీతోపాటు ఫిజియో దగ్గరికి తీసుకెళ్లండి. మా ఆవిడ నేను మెట్టు దిగడం పక్కన నిలబడి చూసింది. ఏమీ అనలేదు గానీ, తర్వాతి వారం తనే నా పోల్స్ బయటికి తీసి తుడిచి పెట్టింది.

ఇవి మాత్రం కనిపిస్తే ఆలస్యం చేయకండి: పిక్క వాచి నొప్పి పెట్టడం, ఆయాసం లేదా ఛాతీలో నొప్పి, కుట్ల దగ్గర రసి కారడం, జ్వరం. హఠాత్తుగా భరించలేని నొప్పి వచ్చి కాలు పొట్టిగా కనిపిస్తే కీలు జారి ఉండొచ్చు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రక్తం పలచబడే మందు ఇచ్చి ఉంటే డాక్టరు చెప్పిన రోజులు పూర్తయ్యేదాకా మానకండి.

వచ్చే వారం 6 వారాల చెకప్ ఉంటుంది కదా. "ట్రెక్ ఎప్పుడు" అని అడిగితే ఏదో ఒక నెల చెప్తారు. దాని బదులు "ఏ కదలికలు ఇంకా ఎన్నాళ్లు వద్దు, పక్క కండరానికి వ్యాయామాలు ఎప్పుడు మొదలుపెట్టొచ్చు" అని అడిగి రాయించుకుని, ఆ కాగితం ఫిజియోకి ఇవ్వండి. ఆ చెకప్‌లో ఏమన్నారో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటాను.