పాత ల్యాప్‌టాప్‌లో ముందుగా ఏది మార్చాలి?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి లెక్కలు రాస్తుంటాను. 2016లో కొన్న నా ల్యాప్‌టాప్‌లో ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. ఆన్ చేసి టీ తాగి వచ్చినా పనికి సిద్ధంగా ఉండదు. ట్యాలీ, ఎక్సెల్ కలిపి తెరిస్తే ఇక కదలదు. మరమ్మతు దుకాణంలో 16 జీబీ ర్యామ్ వేయించమంటున్నారు, మా అబ్బాయి కొత్తది కొనమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక గుమస్తా, గుంటూరు

జవాబు: ఆ రెండు సలహాలనూ కొద్దిసేపు పక్కన పెట్టి, ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ల్యాప్‌టాప్ మొరాయిస్తున్న సమయంలో అందులో ప్రాసెసర్ వాడకం తక్కువగానూ, డిస్క్ వాడకం నూటికి నూరు శాతంగానూ కనిపిస్తే జాప్యం హార్డ్ డిస్క్ వల్లనే అని నిర్ధారించుకోవచ్చు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి అలాగే కనిపిస్తుందని నా అంచనా.

ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్కులు ఉండేవి. ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం సమయం వేచి ఉండాలి. ముల్లు సరైన చోటికి జరగడానికి పట్టే కాలం దీనికి అదనం. విండోస్ మొదలయ్యేటప్పుడు అక్కడక్కడా చెదిరి ఉన్న వేలాది చిన్న ఫైళ్లను చదవవలసి వస్తుంది కనుక ఈ నిరీక్షణలన్నీ కలిసి నిమిషాలవుతాయి. హార్డ్ డిస్కుకు బదులుగా వాడే, సమాచారాన్ని చిప్‌లలో దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలేవీ లేవు, అందుకే ఈ నిరీక్షణా దాదాపుగా ఉండదు. మీ ల్యాప్‌టాప్‌కు రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు కనెక్షన్‌కే తగిలేది), 500 జీబీది, సరిపోతుంది. ఎన్‌వీఎంఈ అనే మరో రకం ఎస్‌ఎస్‌డీ ఇంకా వేగవంతమైనదే అయినా, అందుకు తగిన స్లాటు ఉందో లేదో తెలుసుకోకుండా కొనకండి.

ర్యామ్ విషయంలో దుకాణదారు చెప్పినది పూర్తిగా తప్పు కాదు. పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని ఉంచుకునే ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సమాచారాన్ని డిస్కు మీదికి నెడుతుంది, కాబట్టి మీ సమస్యలో ఈ రెండూ తోడుదొంగలే. అయితే ట్యాలీకీ ఎక్సెల్‌కూ 8 జీబీ చాలు, 16 జీబీ అనవసరపు ఖర్చు. పైగా ఆరో తరం ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి డీడీఆర్4, మరికొన్నిటికి డీడీఆర్3ఎల్ ర్యామ్ వాడారు, వీటి గాళ్లు వేర్వేరు చోట్ల ఉండడం వల్ల ఒకదాని స్థానంలో మరొకటి అమరదు. లోపల ఉన్నది ఏ రకమో, ఖాళీ స్లాటు ఉందో లేదో విప్పి చూసిన తరువాతే కొనండి.

ఎంత ఖర్చు పెట్టవచ్చన్నది అసలు ప్రశ్న. విండోస్ 11కు ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసర్ కావాలి, మీది ఆ జాబితాలో లేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులు పొడిగింపు పథకంలో నమోదైతే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. జీఎస్టీ, బ్యాంకు పనులు చేసే యంత్రానికి ఇది చిన్న విషయం కాదు. అందువల్ల, ఈ ల్యాప్‌టాప్ పోయాక కూడా పనికివచ్చే వాటి మీదే డబ్బు పెట్టండి. ఎస్‌ఎస్‌డీని రేపు యూఎస్‌బీ కేసులో పెట్టుకొని బ్యాకప్‌కు వాడుకోవచ్చు, పాత రకం ర్యామ్ కొత్త ల్యాప్‌టాప్‌లో పనికిరాదు. కాబట్టి ముందు ఎస్‌ఎస్‌డీ వేయించి, కొన్ని రోజులు పని చేసి, అప్పటికీ చాలకపోతేనే ర్యామ్‌ను 8 జీబీకి పెంచండి. దుకాణంలో ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటుంది గనుక, ఉబ్బితే తప్ప బ్యాటరీ జోలికి వెళ్లకండి.

డిస్కు మార్చే ముందు ట్యాలీ డేటాను పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసి, మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. ట్యాలీ లైసెన్సు ఆ యంత్రానికే ముడిపడి ఉంటుంది కాబట్టి, పాత డిస్కు తీయకముందే ఆ లైసెన్సును సరెండర్ చేయాలి, అంటే ట్యాలీలోనే ఆ యంత్రం నుంచి విడిపించాలి. చాలామంది మరిచిపోయి తరువాత తిప్పలు పడేది ఇక్కడే. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను కాపీ చేసుకోవడం కంటే విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవడం మేలు. మదర్‌బోర్డు మారదు కనుక, సక్రమమైన విండోస్ అయితే ఇంటర్నెట్ తగలగానే మళ్లీ యాక్టివేట్ అవుతుంది. ఎలాగూ మూత తీస్తారు కాబట్టి ఫ్యాను కూడా శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద వేడిని బయటికి పంపడానికి పూసే థర్మల్ పేస్టు మార్పించండి. యార్డులోని మిరప దుమ్ము గాలి దారులను మూసేస్తే, మే నెల ఎండల్లో ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లోని ఐదో తరం ఐ3 తీసి ఐ7 వేయించవచ్చా? డీవీడీ డ్రైవ్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టవచ్చా?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: ప్రాసెసర్ మార్పు సాధ్యం కాదు. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో నాలుగో తరం వరకు కొన్ని సాకెట్‌లో ఉండేవి, ఐదో తరం నుంచి అన్నిటినీ బోర్డుకే అతికిస్తున్నారు. రెండో ఆలోచన మంచిదే, కానీ అమరికను తిరగేయండి. హార్డ్ డిస్కు ఉన్న చోట ఎస్‌ఎస్‌డీని, డీవీడీ డ్రైవ్ స్థానంలో క్యాడీ (డిస్కును అమర్చే చట్రం) పెట్టి పాత హార్డ్ డిస్కును ఉంచండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో డీవీడీ వైపు ఉండే సాటా కనెక్షన్ వేగం తక్కువ. క్యాడీలు 9.5 మిల్లీమీటర్లు, 12.7 మిల్లీమీటర్లు అని రెండు మందాల్లో దొరుకుతాయి కనుక, డ్రైవ్‌ను బయటికి తీసి కొలిచాకే కొనండి.