కార్టూన్ కుటుంబం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అయిదుగురున్న కుటుంబంతో యానిమేషన్ సిరీస్ చేద్దామని బొమ్మలు గీశాను. తాతకు పెద్ద టోపీ, అమ్మకు పొడవాటి జడ, పిల్లాడికి గుండ్రటి కళ్లద్దాలు. ఇంత చేసినా అందరూ ఒకే అచ్చులో పోసినట్టున్నారని అంటున్నారు.

జవాబు: టోపీ, జడ, కళ్లద్దాలు తీసేసి చూడండి. మిగిలిన బొమ్మలన్నీ ఒకటే అయితే తేడా వేషంలోనే ఉంది, మనిషిలో లేదన్నమాట. ముందు ఆకారాలు మార్చాలి. ఒకరు గుండ్రం, ఒకరు చతురస్రం, ఒకరు తలకిందులైన త్రికోణం, ఇలా మొదలుపెట్టండి. అయిదుగురినీ వరసలో నిలబెట్టి పూర్తిగా నల్లరంగు నింపి, బొటనవేలి గోరంత సైజుకు తగ్గించండి. ఎవరు ఎవరో అప్పటికీ పోల్చుకోగలిగితే డిజైన్ కుదిరినట్టే.

ఎత్తుల్ని తల లెక్కలో, అంటే మనిషి ఎత్తు తన తల ఎత్తుకు ఎన్ని రెట్లో చూసి పెట్టుకోండి. చంటిపిల్లకు 2 తలలు, బడికెళ్లే పిల్లాడికి 3, పెద్దవాళ్లకు 4 నుంచి 5. ఏ ఇద్దరి మధ్యా అర తలకు తక్కువ తేడా ఉండకుండా చూసుకోండి. లేకపోతే పక్కపక్కన నిలబడిన సీన్‌లో కలిసిపోతారు.

అలాగని మరీ మార్చేస్తే ఒక ఇంటివాళ్లు అనిపించరు. ముక్కు తీరు, కళ్ల మధ్య దూరం లాంటి ఒకటి రెండు పోలికలు రక్తసంబంధం ఉన్నవాళ్లకు ఉంచండి. పెళ్లితో ఆ ఇంటికి వచ్చినవాళ్లకు ఆ ముక్కు పెట్టకండి. పిల్లలకు మాత్రం ఇద్దరి నుంచీ చెరొకటి ఇవ్వండి. ప్రేక్షకులు పైకి అనకపోయినా ఇది పట్టేస్తారు.

దీనికి ఎదురుదారి కూడా ఉంది. 1970లో పుస్తకంగా మొదలైన బార్బాపాపా కుటుంబంలో అందరిదీ దాదాపు ఒకే మెత్తటి ఆకారం. ఏడుగురు పిల్లల్నీ రంగూ ఇష్టమూ వేరుచేస్తాయి: ఆకుపచ్చ పాపకు సంగీతం, ఎర్ర బాబుకు ఆటలు, నారింజ పాపకు పుస్తకాలు. వాళ్లు ఏ ఆకారంలోకైనా మారిపోగలరు కాబట్టి అక్కడ అది చెల్లింది. మీ వాళ్లకు ఆ శక్తి లేకపోతే ఆకారాన్నే నమ్ముకోండి.

ప్రశ్న: ఒక్కో పాత్రకు అయిదారు వింత అలవాట్లు రాసుకున్నాను. స్క్రిప్ట్ చదివినవాళ్లకు ఒక్కటీ గుర్తుండటం లేదు.

జవాబు: ఒక్కొక్కరికి ఒకటే ఉంచండి. అది కూడా నియమంలా ఉండాలి: ఏం జరిగినా ఈ మనిషి ఇలాగే చేస్తుంది అని ఒక్క వాక్యంలో రాయగలగాలి. తర్వాత చిన్న సంఘటన ఒకటి తీసుకుని అందరినీ అందులోకి తోసి చూడండి.

గోడ గడియారం ఆగిపోయిందనుకుందాం. అన్నిటినీ లెక్కపెట్టే బామ్మ ఇక సెకన్లు తానే పైకి లెక్కపెడుతుంది, కాబట్టి ఆవిడతో ఎవరూ మాట్లాడకూడదు. వస్తువుల మనసు నొప్పిస్తానేమో అని బెంగపడే నాన్న గడియారాన్ని మేకు మీంచి తీసే ముందు దాని అనుమతి అడుగుతాడు. దేన్నైనా విప్పందే ఊరుకోని అక్క దాన్ని విప్పేసింది, బిగించాక ఒక మర మిగిలింది. ఆ మర ఎక్కడిదో తేలేదాకా నాన్నకు నిద్ర లేదు. ‘ఎన్ని మరలు?’ అని ఎవరో అడగ్గానే బామ్మ లెక్క తప్పింది. ఒకరి తిక్క ఇంకొకరి తిక్కకు అడ్డుపడినప్పుడే సీన్ పుడుతుంది. ఇద్దరు ఒకేలా స్పందిస్తే వాళ్లలో ఒకరిని తీసేయండి, మొహమాటపడొద్దు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నత్తి, మెల్లకన్ను, లావు లాంటివాటిని వింత అలవాటుగా వాడకండి. అవి ఆ మనిషి ఎంచుకున్నవి కావు, చూసే పిల్లల్లో అవే ఉన్నవాళ్లు ఉంటారు. పైగా వాటిలోంచి కథ రాదు. రెండో ఎపిసోడ్‌కి మళ్లీ అదే నవ్వు తప్ప చేతిలో ఏమీ ఉండదు.

అలవాటు నడకలోనూ కనబడాలి. సెకనుకు 24 ఫ్రేములైతే మామూలు నడకకు అడుగుకు 12, కంగారుకు 8, తీరికగా నడవడానికి 16, వయసు మీదపడినవాళ్లకు 20 ఫ్రేములు. మన బామ్మకు 20 పెట్టి, ప్రతి పదో అడుగు దగ్గర 8 ఫ్రేములు ఆపి ఒక వేలు మడిపించండి. డైలాగ్ లేకుండానే ఆవిడెవరో తెలిసిపోతుంది.

ప్రశ్న: మొదటి సీన్‌లో ఉన్న మొహం పదో సీన్‌కి వేరే మొహం అయిపోతోంది. మోడల్ షీట్ (పాత్రను అన్ని వైపుల నుంచీ గీసి పెట్టుకున్న నమూనా) ఉంది కూడా.

జవాబు: షీట్ పక్కన పెట్టి, క్రితం రోజు గీసిన బొమ్మను చూసి గీస్తున్నారేమో చూసుకోండి. అందులోని చిన్న తేడా తర్వాతి దానిలో ఇంకాస్త పెరుగుతుంది. ప్రతి సీన్‌కీ షీట్ నుంచే మొదలవ్వాలి. షీట్‌లో ఎదురు, ముప్పాతిక (కాస్త పక్కకు తిరిగినది), పక్క, వెనక భంగిమలు నాలుగూ ఉండాలి. అన్నిటి మీదుగా కళ్లు, గడ్డం, నడుము, మోకాళ్ల దగ్గర అడ్డగీతలు సాగాలి. సాగదీసి నొక్కే చోట ఘనపరిమాణం కాపాడండి: ఎత్తు తగ్గితే వెడల్పు పెరగాలి. అది మర్చిపోతే పాత్ర నొక్కుకుపోయినట్టు కాక చిన్నదైపోయినట్టు కనబడుతుంది.

చొక్కా మీద చారలుంటే తీసేయండి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720. పది చారలంటే నిమిషానికి 7,200 గీతలు. మొహం మారిపోవడానికి ఆ అలసట కూడా కారణమే. అమెరికన్ కార్టూన్ స్టూడియో హన్నా-బార్బెరా వాళ్లు తమ ఎలుగుబంటి పాత్ర యోగి బేర్‌కు కాలర్, టై పెట్టింది గీసే పని తగ్గించుకోవడానికే. తలకూ ఒంటికీ మధ్య అతుకు కాలర్ చాటున ఉండిపోతుంది, ఒళ్లు కదలకుండా తల మాత్రమే గీస్తే సరిపోతుంది.

ప్రశ్న: తెలుగు డైలాగ్‌కి పెదవులు కలపడం కుదరడం లేదు. నోరు ఊరికే అల్లాడుతున్నట్టుంది.

జవాబు: అక్షరానికో నోరు గీస్తే అలాగే ఉంటుంది. ఎనిమిది నోళ్లు చాలు: మూసినది (ప, బ, మ), పైపళ్లు కింది పెదవికి ఆనినది (ఫ, వ), బాగా తెరిచినది (ఆ), సాగినది (ఈ, ఏ), గుండ్రనిది (ఓ), ముందుకు చుట్టినది (ఊ), పళ్లు దగ్గరైనది (చ, స), నాలుక కనబడేది (ల, త). దేన్నైనా కనీసం 2 ఫ్రేములు నిలపండి. శబ్దం కన్నా నోరు ఒక ఫ్రేము ముందుంటే కంటికి సరిగ్గా ఉంటుంది.

ద్విత్వాల దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. ‘మామ’లో రెండో మకు 2 ఫ్రేములు మూస్తే చాలు, ‘అమ్మ’కు 3, 4 కావాలి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి డైలాగ్ అయిపోయాక నోరు తెరిచే ఉండిపోతుంది. దాన్ని ఒక్కసారిగా మూసేయకుండా, సగం మూసిన బొమ్మ ఒకటి వేసి 4 ఫ్రేముల్లో విశ్రాంతి స్థితికి తీసుకురండి.

ప్రశ్న: అయిదుగురికీ రంగులు ఎంచుకున్నాక ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: బొమ్మను నలుపు తెలుపులోకి మార్చండి. ఇద్దరు ఒకే బూడిదరంగులో కనబడితే ఒకరి రంగు ముదురు చెయ్యండి. మీ నేపథ్యాల మీద కూడా ఇలాగే చూడండి, రాత్రి సీన్లలో మరీ ముఖ్యం.